తొమ్మిది రోజుల బాబు: పుస్తకంలో ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

ప్రొద్దుటూరు_కొత్తమ్మ

అందరికీ నమస్తే. నాకు మొదటి కాన్పు. బాబు పుట్టి ఈరోజుకి తొమ్మిది రోజులు. ప్రొద్దుటూరులో మా పుట్టింట్లో ఉన్నాను. ఇంట్లో అమ్మ, అవ్వ, నేను. మా ఆయన బెంగళూరులో ఉద్యోగం. శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చి ఆదివారం రాత్రి పోతారు.

పుట్టినప్పుడు బాబు 2.600 కిలోలు. మూడో రోజు ఇంటికి పంపేటప్పుడు 2.410. మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలేనని, పది శాతం లోపలే ఉందని డాక్టరమ్మ చెప్పారు. ఐదో రోజు చూపించడానికి పోతే ఆమె అడిగిన మొదటి మాట, "నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోశాడు?" అని. నేను నాలుగు అన్నాను. అమ్మ ఏడెనిమిది అనింది. అవ్వ "పోస్తానే ఉన్నాడు లేమ్మా" అనింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి మా ముగ్గురినీ చూశారు. కోప్పడలేదు. ఇంటికి పోయి ఒక పుస్తకం పెట్టుకోండి అన్నారు, అంతే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నా బిడ్డ సంగతి నన్ను అడిగితే నాకే తెలియలేదు.

ఆ సాయంత్రమే 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తెప్పించాను. నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను. మొన్న రాత్రి రాసింది ఇది:

12:10 – ఎడమ 14 నిమిషాలు, కుడి 6. త్రేన్పు వచ్చింది. ఉచ్చ.
1:50 – కుడి 9. మధ్యలో నిద్రపోయాడు.
2:25 – మళ్ళీ ఏడుపు. ఎడమ 5. దొడ్డికి, పసుపు రంగు.
3:40 – (ఏం రాశానో నాకే అర్థం కావడం లేదు)
4:30 – సరిగ్గా తాగలేదు.

ఇట్లా రోజుకి రెండు పేజీలు నిండుతున్నాయి. బాబు నిద్రపోయాక నేను పడుకోకుండా ఆ నిమిషాలన్నీ కూడుతూ కూర్చుంటున్నాను. నిన్న 148 నిమిషాలు, ఈరోజు 121 అని తేలితే ఇంక టెన్షన్, నిద్ర రాదు. మా ఆయన యాప్ వేసుకోమన్నారు. రాత్రి ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఆ వెలుతురుకి బాబు లేస్తున్నాడు, నేనేమో ఇంకా ఏవేవో చదివి భయపడుతున్నాను. అందుకని కాగితమే నయమనుకున్నాను. అయినా ఆయన రోజూ పేజీ ఫోటో తీసి పంపమంటారు, పంపితే పది ప్రశ్నలు.

ఇంకో ఇబ్బంది అమ్మతో. పసిబిడ్డ తాగే పాలు లెక్కపెట్టకూడదు, దిష్టి తగులుతుంది అని గట్టిగా చెప్తోంది. అమ్మ గుడ్డ మారిస్తే నాకు చెప్పదు. చెప్తే రాస్తానని. మేము డైపర్లు వాడడం లేదు, పాత నూలు చీరలు చించి పెట్టుకున్నాం. ఇది డిసెంబరు కదా, గుడ్డలు తొందరగా ఆరవు. ఎప్పుడు ఎన్ని తీశారో దండెం చూసి చెప్పడానికి కూడా లేదు.

ఈరోజు పొద్దున బరువు చూపించాం. 2.470 ఉంది. పెరుగుతున్నాడు, పద్నాలుగు రోజుల లోపల పుట్టినప్పటి బరువుకి రావాలి అన్నారు.

అసలు ఏమేం రాయాలి? ఏవి వదిలేయొచ్చు? అమ్మను నొప్పించకుండా ఈ పని ఎట్లా చేయాలి? ఎన్నాళ్ళు రాయాలి? మీరు చేతితో రాసి పెట్టుకుని ఉంటే దయచేసి చెప్పండి.

కడప_శంకరాపురం

ఇద్దరు పిల్లల తల్లిని. ముందు ఒక్కటి చెప్తాను, నిమిషాలు రాయడం ఈరోజే ఆపేయండి. నా పెద్దోడు పది నిమిషాల్లో కడుపు నింపుకునేవాడు, చిన్నది ముప్పావు గంట నోట్లో పెట్టుకుని నిద్రపోయేది. ఇద్దరూ బాగానే పెరిగారు. నిమిషాన్ని బట్టి ఎన్ని పాలు లోపలికి పోయాయో ఎవరూ చెప్పలేరు. గుటక శబ్దం వినిపించిందా, తాగాక మీ రొమ్ము మెత్తబడిందా, బిడ్డ తనంతట తాను వదిలి పిడికిళ్ళు విప్పుకుని పడుకున్నాడా, ఇవి చూడండి. రోజు మొత్తానికి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగితే చాలు.

సాయంత్రం పూట గంటకోసారి అడిగితే పాలు చాలడం లేదని అనుకోవద్దు. చాలామంది పిల్లలు సాయంత్రాలు అట్లా వరసగా తాగుతారు. రెండు మూడు వారాలప్పుడు, మళ్ళీ ఆరు వారాలప్పుడు ఒకటి రెండు రోజులు ఇంకా ఎక్కువ అడుగుతారు. ఎక్కువ తాగేకొద్దీ పాలు ఎక్కువ పడతాయి. నేను ఆ సంగతి తెలియక పెద్దోడికి మూడో వారంలో డబ్బా పాలు మొదలుపెట్టాను. ఇప్పటికీ బాధే.

గుడ్డలు వాడడం మీకు మంచిదే. డైపరులో రెండు మూడు సార్లు పోసింది ఒకటే లెక్క అయిపోతుంది. గుడ్డయితే ప్రతిసారీ తెలుస్తుంది.

జమ్మలమడుగు_పాపమ్మ

చెల్లీ, నువ్వు రాసింది చదివి నా పుస్తకం బీరువాలోంచి తీసి ముందర పెట్టుకున్నాను. మా పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు. మే నెలలో 37వ వారంలో పుట్టింది. 2.100 కిలోలు.

మా నాన్న మీ ప్రొద్దుటూరులోనే, అమ్మవారిశాల దగ్గర ఒక బట్టల కొట్లో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. ఆయన ముందర ఎప్పుడూ రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, ఒకటి ఆవర్జా. బేరం జరిగిన నిమిషంలోనే చిట్టాలో గీకేయాలి, అక్షరం ఎట్లున్నా ఫరవాలేదు. రాత్రి కొట్టు మూసేముందు నెమ్మదిగా కూర్చుని ఎవరి లెక్క వాళ్ళ పేరు కింద ఆవర్జాలోకి ఎత్తాలి. నేను కాన్పుకి వచ్చినప్పుడు ఆయన పనిలోంచి మానుకుని ఇంటి దగ్గరే ఉన్నాడు. నేను కూడా నీలాగే ఒకటే పుస్తకంలో అన్నీ రాసి తికమకపడుతుంటే చూసి, "ఇది చిట్టానా ఆవర్జానా? రెండూ ఒకదాంట్లో రాస్తే రెండూ చెడిపోతాయి" అన్నాడు.

ఆరోజు నుంచి మా ఇంట్లో రెండు. చిట్టా అంటే పాత క్యాలెండరు కాగితం వెనకవైపు. ఉయ్యాల కట్టిన కొక్కేనికి దాన్ని దారంతో వేలాడదీసి, పెన్సిల్ కట్టాం. పెన్ను వద్దు, పడుకుని రాస్తే రాయదు. పాలు, ఉచ్చ, దొడ్డి, మందు అని నాలుగు గళ్ళు. పాలిస్తే ఒక గీత. గుడ్డ తడిస్తే ఒక గీత. టైము అక్కర్లేదు, నిమిషాలు అసలే వద్దు. చీకట్లో కూడా గీత గీయొచ్చు. ఏ వైపు ఇచ్చానో గుర్తుకి ఒక ఎర్రగాజు పెట్టుకుని, తర్వాత ఏ వైపు మొదలుపెట్టాలో ఆ చేతికి మార్చుకునేదాన్ని.

సాయంత్రం ఏడు గంటలకి నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఆ గీతలు లెక్కపెట్టి ఆవర్జాలో ఒక్క వరస రాసేవాడు. ఒక రోజుకి ఒక్క వరసే. ఏడు నుంచి ఏడు వరకు ఒక రోజు కింద లెక్క. అట్లా రాస్తే నెల మొత్తం ఒక పేజీలో కనిపిస్తుంది. నీ రెండు పేజీల్లో నిన్నటి రోజు ఎట్లా గడిచిందో ఉంది గానీ, నిన్నటికీ ఈరోజుకీ తేడా ఎక్కడుందో కనిపించదు. డాక్టరుకి కావాల్సింది ఆ తేడానే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానో వినమ్మా. నా పుస్తకంలో ఉచ్చ గడి ఇట్లా ఉంది. నాలుగో రోజు 4, ఐదో రోజు 6, ఆరో రోజు 7, ఏడో రోజు 7, ఎనిమిదో రోజు 3.

ఎనిమిదో రోజు మాకెవరికీ అనుమానం రాలేదు. ఎండ నలభై దాటి ఉంది. పాప బంగారంలా నిద్రపోతోంది, ఏడుపు లేదు. ఎండకి బిడ్డ అలసిపోయింది, లేపొద్దు అనుకున్నాం. వచ్చినవాళ్ళు కూడా ఎంత బుద్ధిమంతురాలో అన్నారు. నేను కూడా కంటినిండా నిద్రపోయాను. సాయంత్రం నాన్న కాగితం తీసి, "అమ్మాయీ, నిన్న ఏడు, ఈరోజు మూడే ఉన్నాయి. ఎవరైనా గీత పెట్టడం మరిచిపోయినారా?" అని అడిగాడు. అమ్మని అడిగాడు, అవ్వని అడిగాడు. ఎవరూ మరిచిపోలేదు. పాలు గడిలో కూడా ఐదే గీతలు.

ఆ రాత్రే ఆటోలో తీసుకుపోయాం. ముందురోజు 2.020 ఉన్న పాప 1.960 అయింది. కామెర్లు పెరిగి మగతగా ఉంది, అందుకే పాలకి లేవడం లేదు, తాగక ఇంకా మగత ఎక్కింది అన్నారు. రెండు రోజులు నీలం లైటు కింద పెట్టారు. నా పాలు పిండి ఉగ్గుగిన్నెతో రెండు గంటలకోసారి పట్టాను. మూడో రోజు బరువు మళ్ళీ ఎక్కడం మొదలైంది. తెల్లవారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. చిన్న బిడ్డ, అందులోనూ తక్కువ బరువు బిడ్డ ఎక్కువ నిద్రపోతుంటే అది శాంతం అనుకోకూడదు. పుట్టిన బరువుకి తిరిగి వచ్చేదాకా మూడు గంటలు దాటితే లేపి ఇవ్వమని అప్పుడు చెప్పారు మాకు.

కాబట్టి అన్నిటికంటే ముందు ఉచ్చ గడి చెల్లీ. లోపలికి ఎన్ని పాలు పోయాయో మనకి కనిపించదు. బయటికి వచ్చేది కనిపిస్తుంది. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అట్లా పెరిగి ఐదో రోజు నుంచి ఆరుకి తగ్గకూడదు. దొడ్డికి రంగు కూడా రాయి. మొదట నల్లగా జిగురుగా, తర్వాత ఆకుపచ్చగా, నాలుగైదు రోజులకి ఆవపిండి రంగులో పసుపుగా రావాలి. మా పాపకి నాలుగో రోజు గుడ్డమీద కొంచెం రక్తపు చుక్క కనిపించి ప్రాణం పోయినంత పనైంది. ఆడపిల్లల్లో తల్లి హార్మోన్ల వల్ల మొదటి వారంలో అట్లా రావచ్చట. అది కూడా ఆవర్జాలో ఉంది, "రక్తపు చుక్క, శనగగింజంత" అని నాన్న చేతిరాతలో.

మందు గడి ఎందుకంటే, మా ఇంట్లో ఒక తప్పు జరిగింది. రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు రాశారు. పొద్దున నేను వేశాను. స్నానం చేయించాక అమ్మ మళ్ళీ వేసింది. ఒకరోజుకి ఏం కాదన్నారు గానీ రోజూ అట్లా అయితే మంచిది కాదన్నారు. ఇంకొకటి, సీసా అయిపోయి వేరే కంపెనీది తెస్తే అందులో ఒక మి.లీ.కి 800 ఉంది, పాతదాంట్లో 400. పాత కొలతే వేస్తే రెండింతలు పడేది. నాన్న సీసా మీది అంకె చూసి పట్టుకున్నాడు. మందు పేరుతోపాటు ఆ అంకె, ఎంత వేయాలో కూడా పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టు.

నువ్వు 4:30కి "సరిగ్గా తాగలేదు" అని రాశావు. అట్లా రాయకు. "రెండు నిమిషాలకే వదిలేశాడు, లేపినా పట్టలేదు" అని రాయి. "సరిగ్గా" అనేది నీ భయం. పట్టకపోవడం జరిగిన సంగతి. మరుసటిరోజు చదివితే నీకే తేడా తెలుస్తుంది.

ఇక మీ అమ్మ సంగతి. మా అమ్మ కూడా అచ్చం అదే అనింది. దారి చూపించింది మా అవ్వ. ఆమెకి చదువు రాదు. ఎత్తుగా ఉన్న గూట్లో రెండు గిన్నెలు పెట్టి, పక్కన గుప్పెడు చింతగింజలు పోసుకుంది. ఉచ్చ గుడ్డ తీస్తే స్టీలు గిన్నెలో ఒక గింజ, దొడ్డి గుడ్డ తీస్తే ఇత్తడి గిన్నెలో ఒక గింజ. "తాగిన పాలు లెక్కపెడితే దిష్టి గానీ, ఉతికే గుడ్డలు లెక్కపెట్టుకుంటే ఏం దిష్టి? చాకలి పద్దు మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉండేదే కదా" అనింది. అమ్మ ఇంక మాట్లాడలేదు, తనూ గింజలు వేసింది. పాల గీతలు నేనొక్కదాన్నే పెట్టుకున్నాను. ఇంట్లో పాకే పిల్లలుంటే మాత్రం గిన్నెలకి మూత పెట్టండి, చింతగింజ గొంతులో పడితే ప్రమాదం.

నలభయ్యో రోజుకి గీతలు మానేశాను. అప్పటికి పాప రోజుకి ముప్పై గ్రాముల లెక్కన ఎదుగుతోంది, గుడ్డలు లెక్కపెట్టాల్సిన పని లేదు. బరువు, టీకాలు, మందులు మాత్రం ఇప్పటికీ అదే పుస్తకంలో రాస్తున్నాను.

ఆశా_పులివెందుల_వైపు

నేను పులివెందుల దగ్గర ఒక ఊళ్ళో ఆశా కార్యకర్తని. పన్నెండేళ్ళుగా బాలింతల ఇళ్ళకి తిరుగుతున్నాను. ఆసుపత్రి కాన్పు అయితే మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో మేము ఇంటికి రావాలి. మీ వార్డు ఆశా పద్నాలుగో రోజు వచ్చినప్పుడు ఈ పుస్తకం తప్పకుండా చూపించు తల్లీ. చాలా ఇళ్ళల్లో మేము అడిగితే "బాగానే ఉన్నాడు" అంటారు, అందులోంచి మాకేమీ తెలియదు. మీకిచ్చిన తల్లీబిడ్డల కార్డులో బరువు, టీకాలు మేము రాస్తాం. మిగతా రోజుల సంగతి మీ పుస్తకంలోనే ఉంటుంది. రెండూ ఒకే సంచిలో పెట్టుకోండి.

పైన అక్క చెప్పినదానికి నేను కలిపేది వేడి ఒకటి. రోజూ కొలవనక్కర్లేదు. ఒళ్ళు వేడిగానో చల్లగానో అనిపిస్తే చంకలో థర్మామీటరు పెట్టి, అంకె, టైము రాయండి. 97.7 నుంచి 99.5 డిగ్రీల మధ్య ఉండాలి. చేతికి వెచ్చగా ఉంది అని రాస్తే లాభం లేదు. మన చెయ్యి చల్లగా ఉంటే అన్నీ వెచ్చగానే ఉంటాయి. డిసెంబరు తెల్లవారుజామున తల, పాదాలు కప్పండి. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకి చలి పెడుతోందని. అప్పుడు మీ రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోండి, తొందరగా వెచ్చబడతాడు.

బొడ్డు ఊడిన రోజు రాయండి. మామూలుగా ఐదు నుంచి పదిహేను రోజుల్లో ఊడుతుంది. దాని మీద పసుపు, నూనె, పౌడరు ఏదీ వద్దు, పొడిగా ఉంచితే చాలు. చుట్టూ ఎర్రబడినా, చీము వచ్చినా చూపించాలి. ఎడమ భుజం మీద బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకి చిన్న పొక్కు లేచి, కారి, పక్కు కడుతుంది. అది మామూలే, దాని మీద ఏమీ పూయకండి.

పెద్దవాళ్ళ మాటలు నేను కొట్టిపారేయను. నీళ్ళు పోసేటప్పుడు వాళ్ళ చేతుల్లో ఉండే ఒడుపు మనకి లేదు. కానీ వసకొమ్ము అరగదీసి నాకించడం, తేనె, చక్కెర నీళ్ళు, కంటికి కాటుక మాత్రం వద్దని వాళ్ళకి నెమ్మదిగా చెప్పండి. ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, మన కడప ఎండల్లో కూడా. ఒకవేళ ఎవరైనా ఏదైనా పెట్టేస్తే దాచకుండా పుస్తకంలో రాయండి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. రేపు బిడ్డకి విరేచనాలు పట్టుకుంటే డాక్టరు అడిగే మొదటి మాట అదే.

కొన్ని వాటికి మాత్రం పుస్తకం తీసుకుని కూర్చోవద్దు. పాలు అసలు పట్టకపోతే, నిమిషానికి అరవై సార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊపిరి తీస్తుంటే, ఎద లోపలికి గుంజుకుపోతుంటే, ఫిట్స్ వస్తే, అరచేతులు అరికాళ్ళు పసుపుపచ్చగా మారితే, లేపినా కదలిక లేకపోతే, వెంటనే 108కి ఫోన్ చేయండి. జ్వరమైనా అంతే, రెండు నెలల లోపు బిడ్డకి ఇంట్లో మందు వేసి చూద్దామని ఆగకూడదు. కామెర్లు పొద్దుటి ఎండలో పెడితే పోతాయని కూడా ఆగకండి. దొడ్డికి సున్నంలా తెల్లగా పాలిపోయి వస్తుంటే, ఏడుపు లేకపోయినా ఆరోజే డాక్టరుకి చూపించాలి.

ఆరు వారాలు ఎప్పుడు నిండుతాయో ఇప్పుడే ఒక పేజీ మీద పెద్దగా రాసి పెట్టుకో. పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటా, పీసీవీ, ఐపీవీ అనే టీకాల మొదటి డోసులు ఆరోజే. బెంగళూరు పోయాక మరిచిపోయేవాళ్ళని చాలామందిని చూశాను. కార్డు పట్టుకుపోతే ఏ ఊళ్ళోనైనా వేస్తారు.

అనంతపురం_నాన్న

చెల్లెమ్మా, మీ ఆయన రోజూ ఫోటో అడుగుతున్నారని రాశావు. దూరంగా ఉన్న తండ్రికి అది తప్ప చేతిలో ఇంకేం ఉండదు. నేనూ మా పాప పుట్టినప్పుడు హైదరాబాదులో ఉన్నాను. ప్రశ్నలు వేయడం మాని ఆయన్నే ఆవర్జా రాయమను. నువ్వు సాయంత్రం ఏడింటికి గీతల కాగితం ఫోటో పంపు, చాలు. ఆయన అక్కడ లెక్కపెట్టి ఒక వరస రాసుకుంటాడు. తేడా కనిపిస్తే ఆయనే ఫోన్ చేస్తాడు. లెక్క కూడే పని నీ మీద నుంచి పోతుంది.

ఇంకొక గడి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. నా భార్య కూడా మీలాగే చేతితో రాసేది. మూడో వారంలో నేను వచ్చి ఆ పుస్తకం తిరగేశాను. మొదటి పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, వరసగా ఉన్నాయి. పోనుపోను చిన్నగా, నలిగిపోయినట్టుగా మారాయి. పాప గురించి అన్నీ ఉన్నాయి. రాత్రి టైములన్నీ వరసగా చూస్తే, ఏ రెండింటి మధ్యా గంటన్నర ఖాళీ లేదు. అంటే నా భార్య పద్దెనిమిది రోజులుగా ఒక్కసారి కూడా రెండు గంటలు వరసగా నిద్రపోలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనూ రోజూ ఫోన్లో పాప గురించే అడిగాను. చివరి పేజీలో మార్జిన్‌లో పెన్సిల్‌తో "నా వల్ల కావడం లేదు" అని ఉంది.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కాన్పు తర్వాత కొందరు తల్లులకి మనసు బాగా కుంగిపోతుందని, అది జబ్బేనని, నయమవుతుందని చెప్పారు. మందులు రాశారు, నేను నెల రోజులు సెలవు పెట్టాను. రెండు మూడు నెలలకి మామూలు మనిషి అయింది. అప్పటి నుంచి పుస్తకంలో బిడ్డ గళ్ళ పక్కన "అమ్మ" అని ఒకటి గీశాను. అమ్మ ఎంతసేపు నిద్రపోయింది, ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుందా, కడుపు నిండా తిన్నదా. అది నేనే అడిగి నేనే రాశాను. రాత్రి కూడుతూ కూర్చుంటున్నానని, నిద్ర రావడం లేదని నువ్వు రాసింది చదివాక ఇది చెప్పకుండా ఉండలేకపోయాను. నీ నిద్ర ఎన్ని గంటలో మీ ఆయనకి రాసి పంపు.

ప్రొద్దుటూరు_కొత్తమ్మ

ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోవద్దు. అందరిదీ అమ్మకి చదివి వినిపించాను. చాకలి పద్దు మాట వినగానే అవ్వ లేచిపోయి వంటింట్లోంచి చింతగింజలు తెచ్చింది. అమ్మ ఒక పూట ఏమీ అనలేదు. మరుసటి రోజు పొద్దున చూస్తే గిన్నెలో తనూ వేసింది.

నిమిషాలు రాయడం ఆపేశాను. మొదటి రెండు రోజులు చెయ్యి దానంతట అదే గడియారం వైపు పోయేది. ఇప్పుడు ఎర్రగాజు ఉంది, గీత ఉంది, అంతే. ఆవర్జా మా ఆయన రాస్తున్నారు. అన్న రాసింది ఆయనకి పంపించాను. చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు రోజూ ఫోన్ చేయగానే మొదట నా నిద్ర అడుగుతున్నారు. ఆ గడిలో మొదటి రోజు రెండు గంటలు అని ఉంది. నిన్న నాలుగున్నర. రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా పాలకి తప్ప నన్ను లేపకుండా త్రేన్పించడం, గుడ్డ మార్చడం అమ్మే చూసుకుంటోంది.

పన్నెండో రోజు బొడ్డు ఊడింది. పద్నాలుగో రోజు మా ఆశా అక్క వచ్చి కాగితం చూసి ఫోటో తీసుకుంది. నిన్న, పదహారో రోజు, అదే తక్కెడ మీద బట్టలు లేకుండా తూచితే 2.690. ఏడు రోజుల్లో 220 గ్రాములు. డాక్టరమ్మ ఈసారి ఉచ్చ ఎన్నిసార్లని అడిగితే నేను కాగితం ఇచ్చాను. 7, 8, 7, 9, 8, 8, 7. ఆమె చూసి తలూపి, తర్వాతి ప్రశ్నకి పోయారు.

నిన్న సాయంత్రం గింజలకీ నా గీతలకీ తేడా వచ్చింది. కాగితం మీద ఆరు గీతలు, స్టీలు గిన్నెలో ఏడు గింజలు. తెల్లవారుజామున అవ్వ మార్చిన గుడ్డ ఒకటి నాకు తెలియనే లేదు, అప్పుడు నిద్రలో ఉన్నాను. ఆయనకి ఏడు అనే రాయమని చెప్పాను.